అమ్మబోయే ఇల్లు: విడువదగినవి, విడువరానివి

(ఖరగ్‌పూర్ తెలుగు ఉపాసకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈనాడు సూత్ర వ్యాఖ్యానం కాకుండా ఒక గృహ విషయాన్ని మీ ముందు ఉంచదలచాము. మలంచలోనూ, ఝాపెటాపూర్‌లోనూ, నీంపురా పరిసరాలలోనూ మనవారి ఇళ్లు ఒకటొకటిగా అమ్మకానికి వస్తున్నాయి. పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, విశాఖపట్నంలో స్థిరపడ్డారు. తల్లిదండ్రులలో ఒకరు గతించారు, లేదా ఇద్దరూ గతించారు. సెలవు పెట్టి వారం రోజుల కోసం వచ్చిన కొడుకు, కూతురు, నలభై ఏళ్ల సామాను నిండిన ఆ గదులలో నిలబడి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, చివరి రోజున పాతసామానువాడిని పిలిచి సమస్తం ఎత్తుకుపొమ్మంటున్నారు. ఆ బండిలో పోతున్నది ఏమిటి, పోవలసినది ఏమిటి అన్నదే మన ప్రశ్న.

ముందుగా ఈ ఇళ్లు ఎట్లా వచ్చాయో స్మరించుకుందాం. 1899లో ఖరగ్‌పూర్ నుంచి కటకానికి రైలుమార్గం తెరుచుకున్నది. 1902లో తూర్పుతీర రైలుమార్గపు ఉత్తర భాగం, అనగా వాల్తేరు వరకు ఉన్న దారి, బెంగాల్ నాగపూర్ రైల్వే కిందికి వచ్చింది. 1904 నాటికి ఇక్కడ కార్ఖానా పనిచేయసాగింది. ఆ విధంగా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలకు ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ పట్టాల మీద ఉన్న ఊరైంది. మన పెద్దలు ఆ పట్టాల వెంట వచ్చారు. గేటు వద్ద ఇత్తడి టోకెను చూపించి లోపలికి పోయారు. 1927లో వి.వి. గిరి నాయకత్వాన ఇక్కడి రైల్వే కార్మికులు సమ్మె చేసినప్పుడు ఆకలికి ఓర్చి నిలిచారు. రైల్వే క్వార్టరు ఉద్యోగం ఉన్నన్నాళ్లే మనది. పదవీ విరమణ తరువాత గడువులోగా ఖాళీ చేయవలసినదే. కనుక భవిష్యనిధి సొమ్ముతో, భార్య మెడలోని బంగారంతో, రెండు కట్టల స్థలం కొని గోడలు లేపుకున్నారు. ఈనాడు అమ్మకానికి వచ్చినది ఆ గోడలే.

ఆ గోడల మధ్య సామాను అంతగా ఎందుకు పేరుకున్నది? మన పూర్వీకులు ఊరికి వెలుపల ఉన్న పేటల నుంచి వచ్చినవారు. అక్కడ చాలామందికి ఇత్తడి బిందె ఉండటం, కాలికి చెప్పు ఉండటం, ఇంటికి పెంకు ఉండటం కూడా పైవారి కంటికి నేరంగా తోచేది. అటువంటివారి చేతికి జీతం వచ్చినప్పుడు కొన్న ప్రతి వస్తువూ ఒక హక్కు పత్రం వంటిది. పనికిరాని గొడుగును కూడా మా అమ్మలు పారవేయలేదంటే అది లోభం అనిపించుకోదు. లేమిని ఎరిగిన చేతుల అలవాటు అది. కనుక తక్కువ వస్తువులతో బతకడం గొప్ప అని పుట్టుకతోనే అన్నీ ఉన్నవారు చెప్పే బోధను మనం యథాతథంగా తీసుకోనక్కరలేదు. 1950లో మహాబోధి పత్రికలో వ్రాసిన వ్యాసంలో బాబాసాహెబ్, మతమన్నది దారిద్య్రాన్ని పవిత్రం చేయరాదని స్పష్టంగా చెప్పారు. భిక్ఖువుకు మూడు చీవరాలు, పాత్ర, క్షురము, సూది, నడికట్టు, నీరు వడకట్టే గుడ్డ చాలు. గృహస్థునికి ఆ నియమం లేదు. గృహస్థునికి ఉన్న నియమం వేరు: ఉన్నదానిని ఎరిగి ఉండటం, పాడుకానీయకుండా చూడటం, తగినవారికి చేర్చటం.

అంగుత్తర నికాయంలో సంపన్న కుటుంబాలు నిలవకపోవడానికి నాలుగు కారణాలు చెప్పబడ్డాయి. అందులో మొదటి రెండు మనకు ముఖ్యం: పోయినదానిని వెదకకపోవడం, పాతబడినదానిని బాగుచేసుకోకపోవడం. అమ్మకానికి ముందు ఇల్లు ఖాళీ చేయడమంటే ఈ రెండు పనులను చివరిసారిగా చేయడమే. వెదకవలసినది వెదకాలి, బాగుచేయవలసినది బాగుచేయాలి, ఆ తరువాతనే విడువవలసినది విడవాలి.

విడువడంలో ఒక క్రమం కావాలి. ఆ క్రమం వినయ పిటకంలో ఉన్నది. ఒక భిక్ఖువు మరణించినప్పుడు అతని వస్తువులు ఏమి కావాలి అన్న ప్రశ్న బుద్ధుని కాలంలోనే వచ్చింది. మహావగ్గంలోని నిర్ణయం ఇది. చీవరాన్ని, భిక్షాపాత్రను రోగకాలంలో సేవ చేసినవారికి ఇవ్వాలి. తక్కిన వస్తువులలో తేలికైనవి, అనగా లహుభండము, అక్కడ ఉన్న సంఘం పంచుకోవచ్చు. బరువైనవి, అనగా గరుభండము, నాలుగు దిక్కుల సంఘానికి చెందుతాయి. వచ్చినవారికీ, ఇంకా రానివారికీ అవి ఉమ్మడి. వాటిని పంచరాదు, ఎవరికీ ఇచ్చివేయరాదు.

ఈ విషయం మన పొరుగునే మరల వినబడింది. క్రీ.శ. 673లో చైనా భిక్ఖువు ఇత్సింగ్ తామ్రలిప్తిలో ఓడ దిగాడు. అది ఈనాటి తమ్లూక్. మన మేదినీపూర్ నేలయే. అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందు ఫాహియాన్ అక్కడే రెండేళ్లు ఉండి సూత్రాలకు ప్రతులు వ్రాసుకుని సింహళానికి ఓడ ఎక్కాడు. ఇత్సింగ్ తన గ్రంథంలో, మరణించిన భిక్ఖువు ఆస్తి గురించి ఒక ప్రకరణమే వ్రాశాడు. ధమ్మ గ్రంథాలను పంచరాదు, గ్రంథాలయంలో ఉంచాలి. ఔషధాలను రోగుల కోసం భద్రపరచాలి. తక్కిన పుస్తకాలను అమ్మి సొమ్ము పంచుకోవచ్చు. పదమూడు వందల ఏళ్ల నాడు ఇంత వివరంగా ఆలోచించినవారు, సామానును తుచ్ఛమైన విషయమని తలచలేదన్నమాట.

ఇక మన ఇళ్లకు వద్దాం. ఖాళీ చేసే పనిని దుఃఖం తక్కువగా ఉన్న చోట మొదలుపెట్టాలి. ఫోటోల పెట్టె, ఉత్తరాల కట్ట, అమ్మ చీరలు ఉన్న ట్రంకు పెట్టె మొదటి రోజున తెరవరాదు. తెరిస్తే ఆ రోజు అక్కడే ముగుస్తుంది. స్నానాల గది, పెరడు, మెట్ల కింద చోటు, అటక, వంటగది, ఈ వరుసన పోవాలి. ఖాళీ డబ్బాలు, విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన కిరసనాయిలు స్టవ్వు, పాత బొగ్గు పొయ్యి ముందుగా వెళ్లిపోతే మిగిలినవాటిని నిదానంగా చూడటానికి చోటు ఏర్పడుతుంది. గడువు తీరిన మందులను ఎవరికీ దానం చేయరాదు. ప్లాస్టిక్‌ను, పాత వైర్లను పెరట్లో పోగుచేసి తగులబెట్టరాదు. ఆ పొగ పొరుగువారి పిల్లల ఊపిరితిత్తులలోకి పోతుంది.

అటక మీద మన ఊరికే ప్రత్యేకమైన వస్తువులు కొన్ని దొరుకుతాయి. రైల్వే ముద్ర ఉన్న లాంతరు, స్పానరు, ఇనుప ముక్క, దుప్పటి ఎట్లా వచ్చిందో ఈనాడు చెప్పగలవారు ఉండరు. దానిని మాత్రం పాతసామాను బండికి ఎక్కించవద్దు. రైల్వే ఆస్తిని అక్రమంగా కలిగి ఉండటం 1966 నాటి చట్టం ప్రకారం శిక్షార్హం. అమ్మినవారూ కొన్నవారూ చిక్కుల్లో పడతారు. తెలిసినవారి సలహా తీసుకుని తిరిగి అప్పగించే మార్గం చూడాలి. ఇవ్వనిదానిని తీసుకోరాదన్న శీలం మన తాతల తరం వస్తువుకు కూడా వర్తిస్తుంది.

బట్టల విషయంలో ఆనందుని కథను గుర్తుచేసుకోవాలి. కోశాంబి రాజు ఉదేనుని అంతఃపుర స్త్రీలు ఆనందునికి ఐదువందల వస్త్రాలు ఇచ్చారు. ఇన్నిటితో వ్యాపారం చేస్తావా అని రాజు అడిగాడు. బట్టలు చిరిగిపోయిన భిక్ఖువులకు పంచుతానన్నాడు ఆనందుడు. మరి ఆ చిరిగినవి? పక్క దుప్పట్లవుతాయి. పాత దుప్పట్లు? పరుపు గలీబులవుతాయి. పాత గలీబులు? నేల మీద పరచుకుంటాము. అవి చివికితే కాళ్లు తుడుచుకుంటాము, ఆపైన దుమ్ము దులుపుకుంటాము, చివరకు ముక్కలు చేసి మట్టితో కలిపి నేల అలుకుతాము. ఈ జవాబు విని రాజు మరో ఐదువందల వస్త్రాలు ఇచ్చాడు. మన అమ్మలు చేసిన పని ఇదే: చీర బొంత అయింది, బొంత పసిపిల్లల గుడ్డ అయింది, గుడ్డ మసిగుడ్డ అయింది. కాబట్టి బట్టలను మూడు కుప్పలుగా చేయండి. మనం ఈనాడు కట్టుకోగలిగినంత మంచివి ఇతరులకు ఇవ్వడానికి. నూలు పాతవి తుడవడానికి, కుట్టడానికి. తక్కినవి పారవేయడానికి. చిరిగినదానిని, మరకపడినదానిని పేదవారికి ఇచ్చి దానమని పేరు పెట్టుకోవద్దు. పైవారి విడిచిన గుడ్డ కట్టుకోవలసి వచ్చిన వంశాలవారం మనం. ఆ అవమానాన్ని మరొకరి ఇంటికి పంపరాదు.

కాగితాల వద్దకు వచ్చినప్పుడు చేయి ఆగాలి. కాగితాలు రెండు విధాలు. మొదటివి అమ్మకానికి అవసరమైనవి. దలీల్, అంతకు ముందటి యజమానుల దలీళ్లు, పర్చా, మ్యూటేషన్ పత్రం, భూమిశిస్తు రసీదులు, పురపాలక సంఘపు పన్ను రసీదులు, కట్టడపు ప్లాను, విద్యుత్తు బిల్లు. ఇవి ఒక్కచోట ఉండవు. దలీల్ బీరువాలో ఉంటే పర్చా పరుపు కింద ఉంటుంది, రసీదులు పచ్చళ్ల జాడీల వెనుక ఉంటాయి. ఇల్లు ఖాళీ చేసే మొదటి రోజునే ఒక రేకు పెట్టెను వీటి కోసం కేటాయించి, దొరికిన ప్రతి కాగితాన్నీ అందులో వేసి, రోజు చివర ఇంటిల్లిపాదీ కలిసి చూడాలి. బెంగాలీ చదవడం రానివారు చదవగలిగిన మిత్రుని పక్కన కూర్చోబెట్టుకోవాలి. అసలు పత్రాలను దలారి చేతికి ఇవ్వవద్దు, నకళ్లు చాలు. పింఛను పత్రం, వైద్య కార్డు, మరణ ధ్రువపత్రాలు కూడా ఆ పెట్టెలోనివే. బతికి ఉన్న తల్లికి కుటుంబ పింఛను రావలసి ఉంటే ఒక్క కాగితం లేని లోటుకు ఆమె నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది.

రెండవ విధం కాగితాలకు బజారులో విలువ లేదు. యూనియన్ చందా రసీదు, సమ్మె కాలపు కరపత్రం, కార్ఖానా టోకెను, ఇక్కడి ఆంధ్ర పాఠశాలలో చదివినప్పటి మార్కుల పత్రం, తెలుగు నాటక ప్రదర్శన ఆహ్వాన పత్రిక, పల్లె నుంచి వచ్చిన కార్డు ముక్క, కుటుంబంలో మొదటిసారి త్రిశరణాలు స్వీకరించిన రోజున తీసిన ఫోటో. ఇవే మన గరుభండము. మనకు రాగి శాసనాలు లేవు. మన తాతల పేర్లు ఏ కైఫీయతులోనూ వెదకినా దొరకడం కష్టం. మొదటిసారిగా వారి పేరు అచ్చులో కనిపించినది ఈ రసీదుల మీదనే కావచ్చు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. భాషకు గుర్తింపు వచ్చిన కాలంలోనే ఆ భాషవారి శతాబ్దపు చరిత్ర కిలోల లెక్కన తూకానికి పోతున్నది. వీటిని ఒక కొడుకు తీసుకుపోయి మరో నగరంలో మరో అటక మీద పెట్టడం కూడా మంచిది కాదు. ఒక ప్రతి కుటుంబం ఉంచుకుని, అసలును గాని నకలును గాని గ్రంథాలయానికో మన సంఘానికో అప్పగించండి. వెనుక పేరు, సంవత్సరం, ఫోటోలో ఉన్నవారి వివరం పెన్సిలుతో వ్రాయండి. వివరం తెలిసిన పెద్దమ్మలు, మామయ్యలు బతికి ఉండగానే వ్రాయాలి.

తరువాత పంపకం. ఇక్కడ కుటుంబాలు విడిపోవడం మనం చూస్తున్నాము. ఇల్లు తండ్రి స్వార్జితమై, ఆయన వీలునామా వ్రాయకుండా మరణిస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన భాగాలు వస్తాయి. ఆయన తల్లి జీవించి ఉంటే ఆమెకు కూడా. ఆ చట్టం బౌద్ధులకూ వర్తిస్తుంది. స్త్రీలకు ఆస్తిహక్కు ఇచ్చే హిందూ కోడ్ బిల్లు ఆగిపోయిందన్న ఆవేదనతో 1951లో బాబాసాహెబ్ మంత్రి పదవిని విడిచిపెట్టారు. ఆయన చిత్రపటం గోడకు ఉన్న ఇంటిలో ఆడపడుచు చేత చీర పెట్టి సంతకం చేయించుకోవడం తగునా? ఆమె వాటాను ఆమె చేతికి ఇవ్వాలి. ఆమె వద్దంటే అది ఆమె స్వయంగా, ఎవరి ఒత్తిడీ లేక అనవలసిన మాట.

ఇంటి వస్తువులలో మొదటి ఎంపిక ఎవరిది? వినయం చెప్పిన మాటను పాటిద్దాం: రోగకాలంలో సేవ చేసినవారిది. అది చాలాసార్లు చిన్నకోడలు, లేదా దగ్గర ఉన్న కూతురు, కొన్నిసార్లు నెల జీతానికి పనిచేసిన బెంగాలీ ఆయా. తల్లి వాడిన గిన్నెను, గడియారాన్ని, చీరను ముందుగా ఆ చేయి ఎన్నుకోవాలి. ఆ తరువాత తక్కినవారు. ఈ నియమం పాటించిన ఇళ్లలో తగవులు తగ్గడం మేము గమనించాము. ఎందుకంటే సేవను అందరి ఎదుట గుర్తించిన తరువాత గిన్నెల లెక్క చిన్నదవుతుంది.

మరొక సున్నితమైన విషయం. మనలో చాలామంది తల్లిదండ్రులు ధమ్మంలోకి రాలేదు. వారి దేవుని గూడు, పటాలు, ఇత్తడి దీపాలు ఇంట్లో ఉంటాయి. బాబాసాహెబ్ ఇచ్చిన ఇరవై రెండు ప్రతిజ్ఞలు మన నడవడికి సంబంధించినవి. తల్లి పూజించిన పటాన్ని పగులగొట్టమని అవి చెప్పలేదు. ఆ పటాలను గౌరవించే బంధువు ఎవరో ఒకరు ఉంటారు, పిలిచి అప్పగించండి. చెరువులో వేయడం, చెట్టు మొదట్లో వదిలివేయడం మనకూ తగదు, ఊరికీ మేలు కాదు. అదే మర్యాద బుద్ధ ప్రతిమకూ, బాబాసాహెబ్ పటానికీ వర్తిస్తుంది. కొనుగోలుదారు మన కులం అడుగుతాడేమోనన్న భయంతో ఆ పటాన్ని ముందే దింపి దాచిన ఇళ్లూ ఉన్నాయి. ఆ భయానికి కారణం లేదని మేము అనము. అయితే పటం దింపవలసినది సామాను కట్టే రోజున, తక్కిన పటాలతోపాటు. బేరం కోసం దింపితే ఇంటి ధర నిలుస్తుందేమో గాని, ఇల్లు కట్టినవాని తల దిగుతుంది.

సామాను తీసిన తరువాత గోడలు మాట్లాడతాయి. బీరువా వెనుక చెమ్మ, పుస్తకాల కింద చెదలు, క్యాలెండరు వెనుక పగులు బయటపడతాయి. వర్షాకాలం గడిచాక చూస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. వీటిని కప్పిపుచ్చడానికి బీరువాను మరల అక్కడికే జరపడం అసత్యమాడటమే. బాగుచేయగలిగినది బాగుచేయండి, సున్నం వేయించండి, చేయలేనిదానిని కొనేవారికి చెప్పండి. ఖాళీ గదిలో వెలుతురు పడుతుంది, గది కొలత తెలుస్తుంది, కొనేవాడు తన మంచం ఎక్కడ వేసుకోవాలో ఊహించుకోగలుగుతాడు. ఆ మేరకు ధర రావడం న్యాయమే. న్యాయంగా వచ్చిన ధరను ధమ్మం నిందించలేదు.

రుబ్బురోలు గురించి అడుగుతారు. శ్రీకాకుళం నుంచి రైలులో తెచ్చిన ఆ రాయిని ఏ అపార్టుమెంటుకూ మోసుకుపోలేరు. పొరుగున వాడుకునేవారు ఉంటే ఇవ్వండి. లేకుంటే పెరట్లోనే ఉండనివ్వండి. కొత్తవారికి దాని వాడుక చెప్పండి.

చివరిగా ఒక మాట. 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిగాయి. ఆనకట్ట నీరు రాబోతున్నదని అందరికీ తెలుసు. ఇక్ష్వాకుల రాజధానిని, విహారాలను, చైత్యాలను మొత్తంగా మోయడం ఎవరివల్లా కాదు. కొన్ని కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండ మీద తిరిగి నిలిపారు. కొన్నిటికి నమూనాలు చేశారు. శాసనాలను, శిల్పాలను, ధాతువులను పైకి చేర్చారు. తక్కినదానిని కొలిచి, గీసి, వ్రాసి పెట్టుకుని నీటికి వదిలారు. మరొకవైపు, మన ఖరగ్‌పూర్‌కు దక్షిణాన దాంతన్ దగ్గరి మొగల్‌మారి దిబ్బ కింద ఒక బౌద్ధ విహారం ఉన్నదని 2003 తరువాత కలకత్తా విశ్వవిద్యాలయంవారు తవ్వితే గాని లోకానికి తెలియలేదు. ఆ విహారాన్ని విడిచినవారు ఎవరో, ఏమి తీసుకుపోయారో చెప్పే కాగితం మనకు మిగలలేదు.

విడిచిపోవడం రెండు చోట్లా జరిగింది. వ్రాసి విడిచినది ఒకటి, వ్రాయక విడిచినది మరొకటి. మీ ఇల్లు అమ్ముకోండి. పిల్లల దగ్గరకు వెళ్లండి. అనిత్యతను బోధించిన మార్గం మనది. గోడల కోసం దుఃఖించమని ఎవరినీ కోరము. అయితే తాళం చేతులు మారకముందు, ఆ ఇంటిని ఎవరు కట్టారో, ఏ సంవత్సరంలో, ఏ జీతంతో కట్టారో ఒక పుట వ్రాసి, తాత టోకెను నంబరును కింద చేర్చి, మన సంఘానికి ఇచ్చి వెళ్లండి. వచ్చే ఆదివారం నుంచి ఇందుకోసం ఒక పుస్తకం తెరిచి ఉంచుతున్నాము. ఇల్లు సర్దుకోవడానికి మనుషుల సాయం కావలసినవారు కూడా అందులోనే పేరు వ్రాయండి, మేము వస్తాము.

నమో బుద్ధాయ. జైభీమ్.